ఆలోచన రాయమన్నాను

జగదల్‌పూర్‌లో నేనుండే సందులో తెలుగు మాట్లాడే ఇల్లు ఒక్కటీ లేదు. కుడివైపు ఒడియావాళ్ళు, ఎడమవైపు బట్టల కొట్టు మార్వాడీవాళ్ళు, ఎదురుగా ఆటో నడిపే అతని ఇల్లు, అక్కడ మాట్లాడేది హల్బీ. అందరూ మంచివాళ్ళే. పండక్కి పిండివంటలు పంపిస్తారు, ఒంట్లో బాగా లేదంటే వచ్చి చూసిపోతారు. మేమంతా హిందీలోనే మాట్లాడుకుంటాం. కరెంటు పోయిందనీ, నీళ్ళు సన్నగా వస్తున్నాయనీ, టమాటా మండిపోతోందనీ చెప్పుకోవడానికి నా హిందీ బాగానే సరిపోతుంది. పనేమీ లేకుండా ఊరికే ఏదో ఒకటి అనాలనిపించినప్పుడే చాలదు. పాలు పొంగిపోతే "నీ దుంప తెగ" అని గిన్నెను తిట్టి, గిన్నె తరఫున జవాబు కూడా నేనే చెప్పుకునేదాన్ని.

అంతకుముందు ఇరవై ఏళ్ళ పైచిలుకు బచేలీలో ఉన్నాను. మా ఆయన ఇనుప గనిలో పెద్ద బండ్లు నడిపేవారు. ఆ కాలనీ నిండా శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళే. బట్టలారేయడానికి బయటికొస్తే చాలు, ఎవరి కోడలు ఏమందో, ఎవరింట్లో ఏం మాడిందో అంతా తెలుగులోనే చెవిన పడేది. వీళ్ళకు పనీపాటా లేదా అని అప్పుడు విసుక్కునేదాన్ని. ఆయన పోయాక క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. మాకు పిల్లలు లేరు. పెన్షన్ పని మీద జగదల్‌పూర్ ఆఫీసుల చుట్టూ తిరగడానికి వీలుగా ఉంటుందని ఒక చిన్న వాటా అద్దెకు తీసుకున్నాను. పని అయిపోయింది, నేను ఉండిపోయాను. సొంతూరికి వెళ్ళిపోవచ్చుగా అని అడిగినవాళ్ళకు, అక్కడ నా కోసం ఎవరూ ఎదురు చూడటం లేదని చెప్పేదాన్ని. అది నిజమే.

జగదల్‌పూర్ మొత్తం మీద తెలుగువాళ్ళు లేరని కాదు. ఒకసారి ఎవరో పిలిస్తే వాళ్ళు చేసుకునే పూజకు వెళ్ళాను. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఆయన ఎలా పోయారు, ఒక్కదానివే ఇక్కడెందుకున్నావు అని ప్రసాదం చేతిలో పడేలోపే అన్నీ అడిగేశారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మళ్ళీ అటు వెళ్ళలేదు.

నర్సులకు తెలుగు నేర్పుతారా అని కబురు వచ్చింది ఆ రోజుల్లోనే. కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సులు పదిమంది దాకా ఊరి చివర హాస్టల్లో ఉండి శిక్షణ తీసుకుంటున్నారు. అది అయ్యాక వాళ్ళను తెలుగు సరిహద్దుకు ఆనుకుని ఉన్న కోంటా వైపు, ఎర్రబోరు వైపు, ఇంకా లోపలి ఊళ్ళకు పంపిస్తారు. అక్కడివాళ్ళు ఇంట్లో దోర్లీయో గోండీయో మాట్లాడతారు, పదిమందిలోకి వస్తే తెలుగు మాట్లాడతారు. హిందీ వాళ్ళకు ఆఫీసు భాష. కడుపునొప్పితో వచ్చిన మనిషి ఆఫీసు భాషలో మూలగదు కదా. అందుకని శిక్షణ చూసుకునే పెద్ద మేడమ్ గారికి ఈ ఆలోచన వచ్చింది. నేను టీచర్ని కాను, బచేలీలో కాలనీ పిల్లలతో అక్షరాలు దిద్దించానంతే. అయినా అడగ్గానే ఒప్పుకున్నాను. ఎందుకో ఇక్కడే చెప్పేస్తాను. సేవ చేద్దామని కాదు. ఆ పదిమందిలో ఒక్కరికైనా నా భాష పట్టుబడితే, ఎదురుగా కూర్చుని నాతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి దొరుకుతుందని. నాకు కావలసింది ఆ ఒక్క మనిషి.

సాయంత్రాలు హాస్టల్ భోజనాల హాల్లో క్లాసు. వెనక వంటగదిలో కుక్కర్లు కూస్తుంటే, ఇటు నేను అరుస్తుండేదాన్ని. ఆ పిల్లలకు ఎంత తిప్పినా నోరు తిరగని అక్షరం 'ళ'. కళ్ళు మంటగా ఉన్నాయా అని అడగమంటే కల్లు మంటగా ఉందా అని అడిగేవాళ్ళు. "అటువైపు వెళ్ళి అలా అడిగితే, ఏ చెట్టు కల్లో కూడా చెప్తారు, కూర్చుని వినండి" అనేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను నవ్వేదాన్ని కాదు. మళ్ళీ అనిపించేదాన్ని, వచ్చేదాకా అనిపించేదాన్ని.

మాట్లాడమంటే బిగుసుకుపోతున్నారని రాయించడం మొదలుపెట్టాను. పెళ్ళై వచ్చిన కొత్తలో నేను హిందీ నేర్చుకున్నదీ అలాగే. బజారుకు వెళ్ళేముందు ఏమేం అనాలో కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసుకుని, బట్టీ పట్టి వెళ్ళేదాన్ని. నేను రాసుకోని ప్రశ్న ఏదైనా కొట్టతను అడిగాడా, సంచీ ఊపుకుంటూ ఇంటికొచ్చేసేదాన్ని. మా ఆయన ఆ రోజు కూర లేని అన్నం తినేవారు. అందుకని ఈ నర్సులను రోజూ నాలుగు వాక్యాలు సొంతంగా రాయమన్నాను. ఏం తిన్నారు, ఇంటి నుంచి ఎవరు ఫోన్ చేశారు, నిన్న నేర్చుకున్న మాట ఎక్కడ వాడాలనిపించింది, ఇలాంటివి. వాళ్ళు హిందీ అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ళు. చూడ్డానికి నాకు ఒళ్ళు మండేది కానీ ఊరుకున్నాను. అన్నం, చారు, అమ్మ ఫోను. నెల గడిచినా అంతకుమించి ముందుకు కదల్లేదు.

అప్పుడు ఒక సాయంత్రం బోర్డు మీద, వాళ్ళు చదువుకునేలా హిందీ అక్షరాల్లో, రాశాను: తెలుగు నేర్చుకోవడం గురించి మీ ఆలోచన రాయండి. ఏ భాషలో రాసినా పర్వాలేదని నోటితో చెప్పాను. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వెనక బెంచీ మీద కొండగావ్ వైపు పల్లె నుంచి వచ్చిన ఒకామె కూర్చునేది. అందరిలోకీ పెద్దది, ముప్పై దాటి ఉంటాయి, బొంగురు గొంతు, ఇంటి భాష హల్బీ. ఆమె లేచి, నిజంగా రాయాలా మేడమ్ అని హిందీలో అడిగింది. నిజం కాక అబద్ధం రాస్తారా అన్నాను. పేర్లు కూడా రాయాలా అని ఇంకో పిల్ల అడిగింది. మీ ఆలోచన రాసుకోవడానికి మీకింత భయమేమిటి, మొహమాటపడకండి, ఉన్నదున్నట్టు రాసెయ్యండి అన్నాను. ఇక అందరూ తలలు వంచారు. అంత శ్రద్ధగా వాళ్ళు ఎప్పుడూ రాయలేదు. కొందరు వెనక్కి తిప్పి రెండో పక్క కూడా నింపారు. దారి పొడుగునా ఆ కాగితాలను గుండెలకు పొదువుకుని ఇంటికి వచ్చాను.

మర్నాడు పొద్దున్న టీ పెట్టుకుని చదవడానికి కూర్చున్నాను. మొదటి కాగితంలో, మేడమ్ ఆలస్యంగా వచ్చినవాళ్ళను తలుపు బయటే నిలబెడతారని ఉంది. రెండోదాంట్లో, మేడమ్ ఒకే మాటను ఏడుపొచ్చేదాకా అనిపిస్తారని. మేం నవ్వుకుంటే తనను చూసి నవ్వుతున్నామనుకుంటారని ఇంకొకరు. మేడమ్‌కు మా తప్పు దొరికితే మొహం వెలిగిపోతుందని ఇంకొకరు. ఒక పిల్ల పాపం ఏమీ దొరక్క, మేడమ్ చీరలు బాగుండవు అని రాసింది. టీ చల్లారిపోయింది. అన్నిటికంటే కింద కొండగావ్ ఆమెది.

ఆమె హిందీలో రాసింది. నాకు గుర్తున్నంతవరకు తెలుగులో చెప్తాను. "ఎక్కడ నొప్పి అని అడగడం నేర్చుకున్నాను. ఎన్ని రోజుల నుంచి అని అడగడం నేర్చుకున్నాను. నేను అడిగాక వాళ్ళేదో చెప్తారు కదా. అది వినడం మేడమ్ మాకు నేర్పలేదు. మేం సగం చెప్పేసరికే మేడమ్ దిద్దేస్తారు కాబట్టి, పూర్తిగా చెప్తే ఎలా ఉంటుందో మేడమ్‌కు కూడా తెలీదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. పిలిచి నెత్తిన పెట్టుకుంటే ఇదా అనుకున్నాను. ఆ వెంటనే ఏడుపొచ్చింది. అప్పుడు తెలిసింది, ఇలాంటిది చెప్పుకోవడానికి నాకు ఈ ఊళ్ళో గుమ్మం లేదని. పక్కింటామె దగ్గరికి వెళ్ళి ఏడవచ్చు. కానీ హిందీలో ఏడవడం నాకు రాదు. ఏడుస్తూ లింగమూ వచనమూ సరిచూసుకోవడం నావల్ల కాదు. తలుపు గడియ పెట్టుకుని పడుకున్నాను. జ్వరమని హాస్టల్‌కు కబురు పెట్టి, వరసగా కొన్ని సాయంత్రాలు వెళ్ళలేదు.

ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే కొండగావ్ ఆమె. లోపలికి రమ్మని నేను అనకముందే వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, నేను నేర్పిన తెలుగులో మొదలుపెట్టింది.

"జ్వరం ఎన్ని రోజుల నుంచి ఉంది?"

"నాలుగు రోజులు," అన్నాను మొహం మాడ్చుకుని.

"దగ్గు ఉందా?"

"లేదు."

"ఆకలి వేస్తోందా?"

అన్నీ నా పాఠంలో ప్రశ్నలే, నా వరసలోనే. చివరికి లేచి నుదుటి మీద చెయ్యి వేసింది. "జ్వరం లేదు," అని తేల్చేసింది. ఆ మాట పాఠంలో లేదు, సొంతంగా కట్టింది. మళ్ళీ కూర్చుని హిందీలోకి దిగింది. "ఆ కాగితాలు చూసి కోపం వచ్చింది కదా మేడమ్? మాకు ముందే భయం. కానీ మీరేగా ఆలోచనా రాయమన్నారు."

హిందీలో ఆమె ఆ మాట అన్నప్పుడు గానీ నా చెవికి ఎక్కలేదు. హిందీలో ఆలోచనా అంటే తప్పులెంచడం. టీవీ వార్తల్లో ప్రతిపక్షంవాళ్ళు రోజూ చేసేది అదే. ఆ మాట నాకు తెలియనిదేమీ కాదు, వెయ్యిసార్లు విన్నాను. కానీ హిందీ మాటలన్నీ ఒక అరలో, తెలుగు మాటలన్నీ ఒక అరలో పెట్టుకుని బతికినదాన్ని. ఈ అరలోదీ ఆ అరలోదీ చూడ్డానికి ఒకటేనని ఇన్నేళ్ళలో ఎన్నడూ తట్టలేదు. మనసులో ఏమనుకుంటున్నారో రాయమని నేనడిగాను. తెలుగు నేర్చుకోవడంలో ఉన్న తప్పులన్నీ ఎత్తి చూపించమని వాళ్ళు విన్నారు. పైగా మొహమాటపడకండి అన్నానాయె. తన తప్పులు తనే రాయించుకునే మేడమ్‌ను ఎక్కడా చూడలేదని రాత్రంతా చెప్పుకున్నారట. తప్పు దొరకనివాళ్ళు పక్కవాళ్ళ దగ్గర అడిగి తీసుకున్నారట.

నాకు నవ్వొచ్చింది. మొదట్లో ఆపుకున్నాను, తర్వాత ఆపుకోలేకపోయాను. ఆమె కూడా ఆ బొంగురు గొంతుతో నవ్వింది. ఆ వాటాలోకి వచ్చాక ఇంకో మనిషితో కలిసి నవ్వడం అదే మొదలు. కళ్ళు తుడుచుకుని అడిగాను, "అయితే మీరు రాసిందంతా ఉత్తిదేనన్నమాట."

ఆమె నవ్వు ఆపింది. కాస్త ఆలోచించుకుని, ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ తెలుగులో చెప్పింది. "మాట తప్పు మేడమ్. రాసింది తప్పు కాదు."

దిద్దడానికి అందులో ఏమీ లేదు.

మర్నాటి నుంచి క్లాసు వేరే దారి పట్టింది. ఇలా రెండు భాషల్లోనూ ఒకేలా వినబడి వేరువేరు అర్థాలిచ్చే మాటలు వెతుక్కుని, ఒక్కో మాట మీద ఎవరి సొంత కథ వాళ్ళు రాయాలన్నాను. నేను అడ్డం పడకుండా చివరిదాకా వింటానని ఒట్టు కూడా పెట్టుకున్నాను. నాలుక కరుచుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ వారమే తెలిసింది. వ్యవసాయం అనే మాట ఒక పిల్లకు దొరికింది. హిందీలో ఆ మాటకు వ్యాపారమనీ వృత్తి అనీ అర్థం. స్కూల్లో నాన్న వ్యవసాయం ఏమిటో రాయమంటే, నాన్నకు ఏ వ్యాపారమూ లేదు, పొలం మాత్రమే ఉందని రాసి తిట్లు తిన్నానని చెప్పింది. తెలుగు స్కూల్లో అయితే నాకు మార్కులు వచ్చేవి కదా మేడమ్ అంది.

అందరిలోకీ చిన్నపిల్ల 'శిక్ష' మీద రాసింది. హిందీలో శిక్షా అంటే చదువు. ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ ఆమెను నడిపించుకుంటూ తీసుకెళ్ళి హాస్టల్లో దింపి, శిక్షా దొరుకుతుంది ఏడవకు అని చెప్పి వెళ్ళిపోయిందట. అక్కడ హల్బీ మాట్లాడితే బయట నిలబెట్టేవాళ్ళట. "మా అమ్మకు తెలుగు రాదు. కానీ రెండు అర్థాలూ కలిపి సరిగ్గా చెప్పింది," అని రాసింది. చదువుతుంటే ఎవరూ నవ్వలేదు. నాకు ఆ పిల్లను దగ్గరకు తీసుకోవాలనిపించింది, కానీ అలవాటు లేక, బాగా రాశావు అని మాత్రం అన్నాను.

అప్పుడు వెనక బెంచీ నుంచి కొండగావ్ ఆమె అంది, "మేడమ్, మీరు కూడా రాయండి. మీ ఆలోచన." తెలుగు ఆలోచనా హిందీ ఆలోచనా అని ఎవరో అడిగారు. హాలంతా గొల్లుమంది. తప్పించుకోలేక నేనూ వాళ్ళతోపాటు కూర్చుని రాశాను. చదవమన్నారు. నేను రాసింది ఇది: "నాకు ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు లేరు. మీకు నేర్పితే మీరు మాట్లాడతారని నేర్పుతున్నాను. మీరు తప్పు మాట్లాడితే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అది మా ఇంట్లో వినబడే తెలుగులా ఉండదు." చిన్నపిల్ల చెయ్యెత్తి, మేం వెళ్ళిపోయాక మీరు ఎవరితో మాట్లాడతారు అని అడిగింది. మీ తర్వాత ఇంకో బ్యాచ్ వస్తుందిలే అన్నాను.

కొండగావ్ ఆమె ఆదివారాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. వెదురు చిగుళ్ళు తెచ్చేది, నేను పప్పు వండేదాన్ని. ఆమె తరుగుతూ ఉంటే నేను మాట్లాడేదాన్ని. ఎన్నాళ్ళ నుంచో మూతపెట్టి ఉంచిన మాటలు. మా ఆయన గురించి, గని దుమ్ముకు ఎర్రబడిన చొక్కాల గురించి, ఒకసారి ఆయన నా మీద అలిగి రెండు పూటలు తినకపోవడం గురించి. ఆమెకు సగమే అర్థమయ్యేదనుకుంటాను. అర్థం కానిచోట తరగడం ఆపి నా మొహం వైపు చూసేది, అంతే. నాకు ఆ సగమే పండగ. ఆదివారం సాయంత్రం ఆమె వెళ్ళిపోయాక కూడా ఇంట్లో కాసేపు తెలుగు ఉన్నట్టే ఉండేది.

నాకు దొరికిందనుకున్నాను, నాకు కావలసిన ఆ ఒక్క మనిషి.

శిక్షణ ముగింపుకొచ్చింది. ఒకరోజు పెద్ద మేడమ్ గారు ఫోన్ చేశారు. ఇక్కడి పెద్దాసుపత్రిలో ఒక చోటు ఖాళీ ఉంది, ఒకరిని జగదల్‌పూర్‌లోనే ఉంచేయొచ్చు, తెలుగు అందరికంటే తక్కువ వచ్చినవాళ్ళెవరో చెప్పండి, అటు వెళ్ళినా వాళ్ళు ఏం చెయ్యగలరు అన్నారు. కొండగావ్ ఆమె పేరు నా నోటిదాకా వచ్చింది. ఒక్క మాట అంటే చాలు, ఆదివారాలు నావే. ఎవరికీ తెలియదు కూడా. ఆమె 'ళ' ఇంకా సరిగ్గా లేదని చెప్పినా అబద్ధం కాదు.

కానీ ఆమె ఆ వారమే రాసి ఉంది. తను పుట్టినప్పుడు అమ్మ దగ్గర ఉన్న నర్సుకు హల్బీ రాదట. అమ్మ ఏదో చెప్తూనే ఉందట, ఆ నర్సు ఊ కొడుతూనే ఉందట. అమ్మ ఏం చెప్పిందో ఇప్పటికీ కోపంగా చెప్తుందట. నేను ఎర్రబోరు వైపు వెళ్తే ఊరికే ఊ కొట్టను అని ఆమె రాసుకుంది. అది చదివాక ఆ పేరు చెప్పడానికి నోరు రాలేదు. ఆమెకే అందరికంటే బాగా వచ్చు అని చెప్పాను. తక్కువ వచ్చిందని వేరే పిల్ల పేరు చెప్పాను, అదీ నిజమే. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే ఒళ్ళు మండింది. సాయంత్రం దాకా గిన్నెలన్నీ తోమినవే మళ్ళీ తోమాను.

ఆమె బయల్దేరిన రోజు బస్టాండుకు వెళ్ళాను. కోంటా బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "వెళ్ళొస్తాను మేడమ్," అంది. 'ళ్ళ'ను బరువుగా, పూర్తిగా, నేను ఎలా పలకమన్నానో అలా పలికింది. బస్సు కదిలాక ఆటో కోసం చూడకుండా నడిచే ఇంటికి వచ్చాను. అన్నట్టు, ఇంకో బ్యాచ్ రాలేదు. వచ్చింది కానీ వాళ్ళను ఇంకో వైపు పంపిస్తున్నారు, తెలుగు అక్కర్లేదన్నారు.

మొదట్లో ఆమె దాదాపు రోజూ ఫోన్ చేసేది. తను పనిచేసే ఆసుపత్రి రోడ్డుకు దగ్గరేనట, సిగ్నల్ బాగానే అందేది. మేడమ్, నీరసం అంటే ఏం చెప్పాలి, వాంతికి ఇంకో మాట ఉందా, ఇలాంటివి అడిగేది. చెప్తుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. పోను పోను అడగడం తగ్గింది. చెప్పడం ఎక్కువైంది. ఆమె తెలుగు కూడా మారింది. 'ఇక్కడ' పోయి 'ఈడ' వచ్చింది, 'ఏమిటి' పోయి 'ఏంది' వచ్చింది. ఒకసారి, "జరమొచ్చిన పోరగాండ్లు శానామంది ఉన్నరు మేడమ్," అంది. నా నాలుక చివరికి వచ్చేసింది, జ్వరం అనాలని. ఆగలేక అనేశాను.

"ఈడ ఎవ్వరూ జ్వరం అనరు మేడమ్," అంది మామూలుగా. "అంటే నవ్వుతరు."

అది నేను నేర్పిన తెలుగు కాదు. నేను నేర్పింది ఆమె ఎప్పుడో దాటి వెళ్ళిపోయింది. సంతోషించాల్సిన విషయమే. నాకు మాత్రం, ఎంతో కష్టపడి పెంచుకున్న చిన్న తెలుగు ముక్క కూడా నా చేతుల్లోంచి జారిపోయినట్టు అనిపించింది. ఆ తర్వాత ఫోన్లు వారానికొకటి అయ్యాయి, తర్వాత అది కూడా నేను చేస్తేనే.

మొన్న ఒక ఆదివారం పొద్దున నేనే చేశాను. ఎత్తింది కానీ, "ఒక్క నిమిషం మేడమ్, జనం ఉన్నరు," అని ఫోన్ పక్కన పెట్టేసింది. కట్ చెయ్యడం మర్చిపోయినట్టుంది. నేనూ చెయ్యలేదు. చెవికి ఆనించుకుని కూర్చున్నాను.

అవతల గది నిండా తెలుగు. ఎవరో పిల్లాణ్ణి ఊరుకోబెడుతున్నారు. ఎవరో మిరపకాయ కోతలకు పోయివచ్చిన సంగతి చెప్తున్నారు. ఒక ముసలామె గొంతు మాత్రం అన్నిటికీ పైన వినబడుతోంది. నడుము నొప్పి ఎప్పుడు మొదలైందో చెప్పడానికి ఆమె మనవరాలి పెళ్ళి నుంచి మొదలుపెట్టి, వచ్చినవాళ్ళెవరో, వంట ఎవరు చేశారో, ఎవరు అలిగి పోయారో చెప్పుకుంటూ పోయింది. ఆ మాటల్లో సగం నాకు తెలియలేదు. మా నర్సు ఎక్కడా అడ్డం రాలేదు. మధ్యమధ్య "ఆఁ, తర్వాత?" అంటోంది. ముసలామె చివరికి నడుము దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు పట్టింది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నేను ఇక్కడ, మంచం మీద, ఎవరికీ వినబడకుండా నవ్వాను.

"ఆ ఫోన్ల ఎవరు నర్సమ్మా? దీపం ఎలుగుతనే ఉంది," అంది ముసలామె.

"అయ్యో," అంది మా నర్సు. "మా టీచరమ్మ. నాకు తెలుగు నేర్పింది ఆమెనే."

"ఏడుంటది?"

"జగదల్‌పూర్‌ల. ఒక్కతే ఉంటది పెద్దమ్మా. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆమెతోని ఆడ తెలుగు మాట్లాడేటోళ్ళు ఎవ్వరూ లేరు."

ఇంత తేలిగ్గా, ఎవరికో నడుము నొప్పి అని చెప్పినట్టు చెప్పింది. నాకు ఉక్రోషం రావాలి. రాలేదు.

"అట్లనా, పాపం. ఇటియ్యి," అంది ముసలామె. ఫోన్ చేతులు మారిన గరగర వినబడింది. తర్వాత ఆ గొంతు నా చెవిలోకే వచ్చింది. "అమ్మా, బాగున్నవా? అన్నం తిన్నవా? ఏం కూరండుకున్నవ్?"

నేను తినలేదు. వంకాయలు తెచ్చుకున్నాను, పొయ్యి ఇంకా వెలిగించలేదు. ఇంత చిన్న సంగతి. కానీ ఈ ఊరొచ్చాక ఏం కూర అని నన్ను నా భాషలో అడిగినవాళ్ళు లేరు. ఏ తెలుగులో చెప్పాలో తెలియలేదు. మా శ్రీకాకుళంలా చెప్తే ఆమెకు అర్థమవుతుందా, పుస్తకంలా చెప్తే నవ్వుతుందా అని తడుముకుంటున్నాను. నోరు తెరిచాను, మళ్ళీ మూశాను. అవతల గదిలో అందరూ నా జవాబు కోసం ఊరుకున్నారు.

"ఏంది నర్సమ్మా," అంది ఆ ముసలామె, ఫోన్ కాస్త దూరంగా పట్టుకుని. "మాట్లాడేటోళ్ళు లేరంటివి. మాట్లాడమంటే మాట్లాడతలేదేంది ఈమె?"